దీర్ఘకాలిక జబ్బుతో ఉన్నవాళ్ల బాధను కొలవడానికి పనికొచ్చే ప్రశ్న ఏది?

విభాగం: ఆరోగ్యం, హైదరాబాద్

కవాడిగూడ_వాణి

అందరికీ నమస్కారం. డాక్టర్లను తప్పుపట్టడానికి రాయడం లేదు. ఒక విషయంలో సలహా కావాలి.

మా అమ్మకు రుమటాయిడ్ కీళ్లవాతం. వయసు 61. ఓపీకి వెళ్లినప్పుడల్లా "నొప్పి పదికి ఎంతమ్మా?" అని అడుగుతారు. అమ్మ "మూడు" అంటుంది. చీటీ మీద 3 అని పడుతుంది. ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ కూడా అదుపులోనే ఉన్నాయి. పాత మందులే కొనసాగించమంటారు.

ఇంట్లో చూస్తే తన జడ తను వేసుకోలేకపోతోంది. కుళాయి తిప్పడానికి మణికట్టు సహకరించదు, మోచేత్తో తోస్తుంది. నిద్ర లేచాక వేళ్లు ముడుచుకోవడానికి గంటన్నర పడుతుంది. అందుకని ఎవరూ లేవకముందే నాలుగున్నరకు లేచి, వేడినీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. పెళ్లిళ్లకు రావడం మానేసింది. అడిగితే "ఎండలో ఎక్కడ తిరగను" అంటుంది. అసలు సంగతి ఏమిటంటే, ఫంక్షన్ హాల్లో కమోడ్ లేకపోతే కూర్చున్నాక లేవలేకపోతుంది.

ఇవన్నీ ఆ మూడులో ఎక్కడ ఉన్నాయి? బయట అంతమంది వేచి ఉండగా డాక్టరు గారి దగ్గర మాకు దొరికేది మూడు నాలుగు నిమిషాలు. అంత సేపట్లో చూపించగలిగే కొలత ఏదైనా ఉందా?

పాలియేటివ్_సిస్టర్

వాణి గారూ, నేను నగరంలో పాలియేటివ్ కేర్ వార్డులో, అంటే తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్ల నొప్పి, బాధ తగ్గించే వార్డులో, చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను.

ముందుగా ఆ సున్నా నుంచి పది దాకా ఉన్న స్కేలు గురించి. అది చెడ్డది కాదు. ఒకే మనిషికి మందు ఇవ్వకముందు, ఇచ్చాక ఎలా ఉందో పోల్చడానికి బాగా పనికొస్తుంది. అంకె సుమారు రెండు తగ్గితే, లేదా మూడో వంతు దాకా తగ్గితే, రోగికి నిజంగా తేడా తెలుస్తుందని 2001లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ చెప్పింది. కానీ అది అడిగేది నొప్పి తీవ్రత ఒక్కటే. అమ్మగారు కుర్చీలో కదలకుండా కూర్చున్నప్పుడు అడిగారు, ఆవిడ ఆ క్షణానికి సరైన జవాబే చెప్పారు.

మీరు రాసినవి అడిగే ప్రశ్నావళి వేరే ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ ఫ్రైస్ బృందం 1980లో ప్రచురించినది. అందరూ హాక్ అంటారు. 20 ప్రశ్నలు. బట్టలు వేసుకోగలరా, తల రుద్దుకోగలరా, కుళాయి తిప్పగలరా, టాయిలెట్ మీద కూర్చుని లేవగలరా. ఇబ్బంది లేకపోతే సున్నా, అసలు చేయలేకపోతే మూడు. మీ పోస్టులో సగం ఆ ప్రశ్నలే! ఇంట్లోనే నింపి తీసుకెళ్లండి. పొద్దున బిగుసుకుపోయే సమయం ఎన్ని నిమిషాలో ఒక వారం రాసి పైన పెట్టండి. కీళ్ల డాక్టర్లు దాన్ని తప్పక చూస్తారు.

అయితే ఇవి కూడా కొలిచేది ఏ పని చేయగలరు, ఏది చేయలేరు అన్నదే. జడ వేసుకోలేని ఇద్దరిలో ఒకావిడ కోడలితో వేయించుకుని ఆ సంగతే మరిచిపోవచ్చు. ఇంకొకావిడకు ఆ రోజంతా తను ఎవరికీ పనికిరానిదాన్ననే దిగులు ఉండవచ్చు. ఆ తేడాను పట్టుకోవడమే అసలు కష్టం.

రాణిగంజ్_పద్దులు

సిస్టర్ గారు చెప్పిన ఆ తేడా గురించి నా అనుభవం రాస్తాను.

నేను రాణిగంజ్‌లో ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటలు డయాలసిస్. మా యూనిట్‌లో కొలవనిది లేదు. బరువు, బీపీ, హిమోగ్లోబిన్, పొటాషియం, క్రియాటినిన్, ఫాస్ఫరస్. నా ఫైలు చూసిన ప్రతి డాక్టరూ "బాగా మెయింటెయిన్ చేస్తున్నారు" అనేవారు. ఆ మాట విని ఇంటికి వచ్చి మంచం మీద పడితే మరుసటి రోజు మధ్యాహ్నం దాకా లేచేవాణ్ని కాదు. కాళ్ల పిక్కలు పట్టేసేవి. తలలో మబ్బు. మా పాప లెక్కలు చెప్పమని పుస్తకం పట్టుకుని వస్తే అంకెలు కళ్ల ముందు ఆగేవి కావు. లెక్కలు రాసి బతికేవాడికి అంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. వారంలో 3 రోజులు డయాలసిస్, 3 రోజులు దాని నుంచి తేరుకోవడం. మిగిలిందే జీవితం అనుకోవాలి.

కొత్తగా వచ్చిన టెక్నీషియన్ అమ్మాయి సూది గుచ్చే ముందు ఒక ప్రశ్న వేసింది. "అన్నా, మొన్న మెషీన్ దిగాక మళ్లీ మామూలుగా అవడానికి ఎంతసేపు పట్టింది?" అంతే. అన్నేళ్లలో నన్ను ఎవరూ అలా అడగలేదు. దాదాపు 20 గంటలు అన్నాను. ఆ అమ్మాయి దాన్ని షీటు మీద రాసి డాక్టరు గారికి చూపించింది. నేను రెండు సెషన్ల మధ్య 4 కిలోల నీరు పెంచుకుని వస్తున్నానని, అంత నీటిని 4 గంటల్లో వేగంగా లాగడం వల్ల గుండె, మెదడు తట్టుకోలేకపోతున్నాయని ఆయన వివరించారు. డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, మళ్లీ లెక్కగట్టారు. డయాలసిస్ ద్రవం వేడి కాస్త తగ్గించారు. ఉప్పు విషయంలో నన్ను గట్టిగా మందలించారు. సెషన్ సమయం అరగంట పెంచారు. ఇప్పుడు ఉదయం డయాలసిస్ అయితే సాయంత్రానికి కూర్చుని టీ తాగుతున్నాను. పాప లెక్కలు చూస్తున్నాను.

రక్తపరీక్షలు అప్పుడూ ఇప్పుడూ దాదాపు ఒకటే. మారింది ఆ ఒక్క జవాబు.

తార్నాక_మాస్టారు

రాణిగంజ్ గారూ, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఆషామాషీది కాదు. "డయాలసిస్ తరువాత తేరుకోవడానికి మీకు ఎంతసేపు పడుతుంది?" అన్న ఒక్క ప్రశ్నను కొలతగా వాడవచ్చని లిండ్సే అనే వైద్యుడి బృందం 2006లో చూపించింది. తరువాత అనేక దేశాల రోగుల మీద జరిగిన డాప్స్ అధ్యయనం 2014లో ఇంకో మాట చెప్పింది. తేరుకోవడానికి ఎక్కువ సమయం పట్టేవాళ్లు ఆసుపత్రిలో చేరడం, చనిపోవడం కూడా ఎక్కువేనట. రోగి నోటి మాటలో రక్తపరీక్షకు అందని సమాచారం ఉంది.

నేను గణాంకశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నా దృష్టిలో ఇందులో నేర్చుకోవలసింది ఏమిటంటే, ఆ ప్రశ్నకు జవాబు గంటల్లో వస్తుంది. "పదికి ఎంత" అంటే ఎవరి పది వాళ్లదే. గంట మాత్రం అందరికీ గంటే. వాణి గారి అమ్మగారి గంటన్నర కూడా అంతే. వీలైన చోటల్లా బాధను కాలంలోకి మార్చి అడగండి. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, మంచం దిగకుండా ఎన్ని రోజులు గడిచాయి, వంటింట్లో ఎంతసేపు నిలబడగలుగుతున్నారు.

ఒంటరి_బాట

క్షమించండి. ఈ చర్చ చదువుతుంటే కడుపు రగిలిపోతోంది.

నా భార్య అండాశయ క్యాన్సర్‌తో పోయింది. చివరి నెలల్లో ఒక పెద్ద ఆసుపత్రిలో ఉంచాం. పేరు ఎందుకు. పూటకొక నర్సు వచ్చి నొప్పి ఎంత అని అడిగేది. 8. రాసుకునేది. 9. రాసుకునేది. మంచం కాళ్ల దగ్గర వేలాడదీసిన ఆ అట్ట నిండా ఎనిమిదులూ తొమ్మిదులే. ఇచ్చేది మాత్రం అదే ఇంజెక్షన్, అదే ఆరు గంటలకు. మార్ఫిన్ అడిగితే "మా దగ్గర లేదు" అన్నారు. చివరికి తను "సున్నా" అనడం మొదలుపెట్టింది. నొప్పి పోయి కాదు. అడగడం ఆపుతారని.

బాధను తక్కెడలో పెట్టి తూచి ఏం చేస్తారు? తూచినవాళ్లకు ఒక కాగితం నిండుతుంది. అంతేగా?

పాలియేటివ్_సిస్టర్

అన్నా, మీ భార్యకు జరిగినది అన్యాయం. దానికి నేను సమర్థన చెప్పను. ఎనిమిది అని రాసి వెళ్లిపోయిన ప్రతిసారీ ఆవిడను ఇంకోసారి బాధపెట్టినట్టే. ఏమీ చేయడం ఇష్టం లేనప్పుడు ఆ ప్రశ్న అడగకూడదు. మా వార్డులో కొత్త పిల్లలకు నేను నేర్పే మొదటి పాఠం ఇదే. అంకె రాస్తే దాని పక్కనే ఏం చేశావో రాయి, గంట తరువాత మళ్లీ అడిగి ఇంకో అంకె రాయి.

మార్ఫిన్ సంగతి ఇక్కడ చదువుతున్నవాళ్ల కోసం చెబుతాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల దానిని నిల్వ ఉంచడానికి ఆసుపత్రులకు రకరకాల లైసెన్సులు కావలసి వచ్చేవి. చాలామంది ఆ జంజాటమే వద్దనుకున్నారు. కేరళకు చెందిన డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక 2014లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు గుర్తింపు పొందిన వైద్యసంస్థ దానిని ఉంచుకోవచ్చు. మన ఊళ్లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ ఉంది. జిల్లాల్లో కూడా ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ నొప్పి ఉండి, ఉన్నచోట "లేదు" అంటే, అక్కడితో ఆగిపోకండి.

తార్నాక_మాస్టారు

ఒంటరి బాట గారూ, మీ కోపం న్యాయమైనది. అయినా కొలవడం మానేయాలన్న మాటతో నేను ఏకీభవించలేను.

చాలాకాలం ప్రపంచ ఆరోగ్య లెక్కల్లో ఉన్నది మరణాలే. తరువాత, 1990లలో, జబ్బుతో నష్టపోయిన ఆరోగ్యకర సంవత్సరాల లెక్క వచ్చింది. అందులోనూ మీ భార్య పడిన నరకానికి చోటు లేదు, ఎందుకంటే చివరి నెలలు ఆ కూడికలో చాలా చిన్న అంకె. 2017లో లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన కమిషన్ ప్రత్యేకంగా తీవ్రమైన అనారోగ్య బాధనే లెక్కగట్టింది. 2015లో లోకంలో 6 కోట్ల 10 లక్షల మందికి పైగా ఆ బాధ అనుభవించారని, అందులో రెండున్నర కోట్ల మందికి పైగా ఆ ఏడాదే చనిపోయారని తేల్చింది. వాళ్లలో ఎక్కువమంది పేద, మధ్యాదాయ దేశాలవాళ్లు. అక్కడికి చేరే మార్ఫిన్ చాలా స్వల్పం. ఆ అంకెలు లేకపోతే ఏ ప్రభుత్వాన్ని ఏమని నిలదీస్తాం?

ఒక చోట మాత్రం మీ అనుమానం నాకూ ఉంది. ఏ జబ్బుకు ఎంత బరువు ఇవ్వాలో ఎవరు నిర్ణయిస్తారు? ఈక్యూ-5డీ అనే ప్రశ్నావళి ఉంది. నడక, సొంత పనులు, రోజువారీ వ్యవహారాలు, నొప్పి, దిగులు అని 5 అంశాలు అడుగుతుంది. దాని బరువుల పట్టిక తయారయ్యేది సాధారణ ప్రజల అభిప్రాయంతో. "ఈ స్థితిలో 10 ఏళ్లు బతుకుతారా, పూర్తి ఆరోగ్యంతో అంతకన్నా తక్కువ ఏళ్లు చాలా?" అని అడుగుతారు. చండీగఢ్ పీజీఐ పరిశోధకులు 2022లో మన దేశానికి కూడా అలాంటి పట్టిక ప్రచురించారు. అవసరమైన పనే. కానీ ఆరోగ్యంగా ఉన్నవాడు చక్రాల కుర్చీని చూసి ఊహించుకునే బతుకు వేరు, అందులో కూర్చున్నవాడి బతుకు వేరు. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లను అడిగితే సగానికి పైగా తమ జీవితం బాగుందనో, చాలా బాగుందనో చెప్పారని ఆల్‌బ్రెక్ట్, డెవ్లీగర్ 1999లో రాశారు. బయటినుంచి చూసి బాధను ఎక్కువగా అంచనా వేయడమూ ఒక రకమైన చిన్నచూపే.

చిన్నూ_అమ్మ

బయటినుంచి చూసి తక్కువగా అంచనా వేసేవాళ్లే మాకు ఎక్కువ ఎదురవుతారు మాస్టారు గారూ.

మా బాబుకు థలసీమియా మేజర్. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన మరునాడు చూసినవాళ్లు "వీడికి జబ్బేమిటి" అంటారు. ఎక్కించే ముందు రోజు మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోతాడు. ఏ రోజు కొలుస్తారన్నదే పెద్ద ప్రశ్న. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో థలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా కూడా వైకల్యాల జాబితాలో చేరాయి. మొత్తం 21 రకాలు. కానీ చాలా సౌకర్యాలకు 40 శాతం సర్టిఫికెట్ కావాలి. వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపులో వాడు కాళ్లూ చేతులూ ఆడిస్తూ బాగానే నిలబడ్డాడు.

ఆసుపత్రిలో ముఖాల బొమ్మల చార్టు చూపిస్తారు. నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా ఆరు బొమ్మలు. వాడు ఎప్పుడూ రెండో బొమ్మ మీద వేలు పెడతాడు. సూదులు అలవాటైపోయాయి. "అన్నిటికన్నా ఏది కష్టంగా ఉంది?" అని ఒక కౌన్సెలర్ అమ్మ అడిగితే, క్లాసులో వెనక బెంచీవాళ్లు "రక్తం తాగేవాడు" అని పిలవడం అన్నాడు. మేము ఆ మాట అప్పుడే విన్నాం. మరుసటి రోజే స్కూలుకు వెళ్లి టీచరమ్మతో మాట్లాడాం. ఆరు బొమ్మల్లో దానికి బొమ్మ లేదు.

నిర్వాహకులు

చర్చ మంచి దారిలో ఉంది. మందుల మోతాదులు, ఆసుపత్రుల మీద పేర్లతో ఆరోపణలు మాత్రం రాయవద్దని మనవి.

పాలియేటివ్_సిస్టర్

చిన్నూ అమ్మగారూ, ఆ కౌన్సెలర్ అడిగిన ప్రశ్న దగ్గరకే వస్తున్నాను.

అమెరికా వైద్యుడు ఎరిక్ కాసెల్ 1982లో ఒక వ్యాసం రాశారు. మా రంగంలో అందరూ చదువుతారు. తను తనలా మిగలనేమో అన్న ముప్పు ఎదురైనప్పుడు మనిషి పడే తీవ్రమైన వేదన గురించి అందులో చెప్పారు. ఒక రోగి గురించి రాశారు. కాలు విపరీతంగా నొప్పి. సయాటికా (కాలి నరం నొప్పి) అని చెప్పినప్పుడు కోడీన్ అనే నొప్పి మందు కొద్దిపాటితో తగ్గింది. అది క్యాన్సర్ పాకడం వల్ల అని తెలిశాక అదే నొప్పికి చాలా ఎక్కువ మందు కావలసి వచ్చింది. కాలు అదే, నొప్పి అదే. మారింది ఆ నొప్పికి ఆవిడ మనసులో ఉన్న అర్థం.

దానిని కొలవడానికి ప్రిజం అనే పద్ధతి ఉంది. స్విట్జర్లాండ్‌లో స్టెఫాన్ బ్యూకి, లండన్‌లో టామ్ సెన్‌స్కీ బృందం తయారుచేశారు. ఏ4 కాగితం అంత తెల్లటి లోహపు పలక. కింద కుడి మూలన 7 సెంటీమీటర్ల పసుపు బిళ్ల అతికించి ఉంటుంది. "ఈ పలక ప్రస్తుతం మీ జీవితం, ఈ పసుపు బిళ్ల మీరు" అని చెబుతారు. చేతికి 5 సెంటీమీటర్ల ఎర్రబిళ్ల ఇచ్చి "ఇది మీ జబ్బు, దీన్ని ఎక్కడ పెడతారు?" అంటారు. రెండు బిళ్లల కేంద్రాల మధ్య దూరమే కొలత. సున్నా నుంచి 27 సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు. దూరం తగ్గినకొద్దీ బాధ ఎక్కువ. చదువు రానివాళ్లు కూడా చేయగలరు, ఐదు నిమిషాలు చాలు. బిళ్ల పెట్టాక "అక్కడే ఎందుకు పెట్టారు?" అని అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినాలి. ఉద్యోగం, కుటుంబం లాంటి వాటికి వేరే రంగు బిళ్లలు కూడా ఇవ్వవచ్చు.

కవాడిగూడ_వాణి

సిస్టర్ గారూ, నిన్న రాత్రి ఇంట్లో చేశాం. తెల్ల కాగితం, సీసా మూతలు.

అమ్మ జబ్బు మూతను కాగితానికి దాదాపు అవతలి అంచున పెట్టింది. నేను ఆశ్చర్యపోయాను. "ఇది ఎప్పటినుంచో ఉన్నదే, దీనితో నాకు అలవాటే" అంది. తరువాత ఖాళీగా ఉన్న నీలం మూత తనే తీసుకుని తన మూతకు ఆనించి పెట్టింది. అదేమిటని అడిగితే కొంచెంసేపు మాట్లాడలేదు. కీళ్లవాతానికి వేసే బయోలాజికల్ ఇంజెక్షన్‌కు మేము కడుతున్న డబ్బు. "నీ జీతమంతా నా వేళ్లకే పోతోంది" అంది. నొప్పి మూడు అని ఎందుకు చెబుతోందో అప్పుడు అర్థమైంది. ఎక్కువ అంటే ఇంకా ఖరీదైన మందు రాస్తారని భయం.

పాలియేటివ్_సిస్టర్

ఈసారి డాక్టరు గారికి మొదట ఇదే చెప్పండి. మందు ధర భారంగా ఉందని తెలిస్తే బయోసిమిలర్ (అలాంటిదే, ధర తక్కువ ఉండే మందు) వైపో, మోతాదుల మధ్య వ్యవధి వైపో ఆలోచించగలరు. తెలియకపోతే "మూడు" చూసి అదే కొనసాగిస్తారు. హాక్ కాగితం, నిమిషాల పట్టిక రెండూ తీసుకెళ్లండి. మూడు నిమిషాల్లో ఇవి సరిపోతాయి.

రాణిగంజ్_పద్దులు

నేను కూడా చేశాను. డయాలసిస్ బిళ్ల అరచేతి దూరంలో పెట్టాను. మునుపైతే పసుపు దాని కింద కనిపించేది కాదు. మా యూనిట్‌లో మిగతావాళ్ల చేత కూడా తేరుకునే గంటలు రాయిస్తున్నాం. షీటులో ఒక గడి కలిపారు.

ఒంటరి_బాట

సిస్టర్, మీరు చెప్పిన "అంకె పక్కన ఏం చేశావో రాయి" అన్న మాట నచ్చింది. అది ప్రతి ఆసుపత్రిలో ఉండాలి. గడి ఒకటే ఉండకూడదు, పక్కన రెండోది ఉండాలి. అంతవరకైతే నేనూ కొలవమనే అంటాను.

ఈసీఐఎల్_నాగ

ఆలస్యంగా చూశాను. మా నాన్నగారికి డిమెన్షియా ముదిరింది. మాటలు పోయాయి. బిళ్లలు ఇస్తే నోట్లో పెట్టుకుంటారు. స్నానం చేయించేటప్పుడు చేయి విసిరికొడతారు, అమ్మ దాన్ని మొండితనం అంటోంది. నొప్పేమో అని నా అనుమానం. ఆయనను ఏమని అడగాలి?

పాలియేటివ్_సిస్టర్

నాగ గారూ, అడగలేనప్పుడు చూడాలి. పెయినాడ్ అనే కొలత 2003లో ఇలాంటివాళ్ల కోసమే వచ్చింది. ఐదు అంశాలు. శ్వాస ఎలా ఉంది, మూలుగుతున్నారా, ముఖం చిట్లిస్తున్నారా, ఒళ్లు బిగబెడుతున్నారా, దగ్గరికి తీసుకున్నా శాంతించడం లేదా. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు. మొత్తం పది.

పడుకున్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు. పక్క మార్చేటప్పుడు, చొక్కా తొడిగేటప్పుడు, స్నానానికి లేపేటప్పుడు చూసి రాయండి. చేయి విసిరికొట్టేది ఎప్పుడూ ఒకే వైపా, భుజం ఎత్తినప్పుడేనా అన్నది ముఖ్యం. అమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టి ఇద్దరూ విడివిడిగా అంకె వేయండి. రెండు మూడు రోజుల కాగితం తీసుకుని డాక్టరుకు భుజం చూపించండి. మందు మొదలుపెడితే, ఇచ్చిన గంటకు అదే స్నానం సమయంలో మళ్లీ చూసి పక్క గడిలో రాయండి.